పులిమేక ఆటలో రామరాజు ఎటువైపు?

పోయిన ఏడాది చైత్రమాసంలో అరకు వెళ్లినప్పుడు మా చిన్నాడు ఒక ముసలమ్మ చేతిలో వరసగా మూడాటలు ఓడిపోయి వచ్చాడు. ఆ ఓటమి దగ్గర మొదలైన వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

అవి ఇటుకల పండగ రోజులు. అనంతగిరి దాటిన దగ్గర్నుంచీ నాలుగుచోట్ల ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి కారు ఆపారు. పాట పాడి, నవ్వి, డబ్బులు పుచ్చుకుని గాని వదల్లేదు. మగవాళ్లు అడవికి వేటకెళ్లే పండగ ఇది. ఉత్తచేతులతో తిరిగొస్తే ఊళ్లో ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారట. మావారు ఆ మాట విని గట్టిగా నవ్వారు గానీ, నాలుగో కర్ర దగ్గరికి వచ్చేసరికి ఆయన జేబులో చిల్లర అయిపోయింది.

అరకు నుంచి కొంచెం లోపలికి, తెలిసినవాళ్ల ఊరు వెళ్లాం. మాటల్లో పడి పిల్లాణ్ణి చూసుకోలేదు. తీరా చూస్తే పనసచెట్టు కింద బండ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక పెద్దావిడ. మధ్యలో బొగ్గుతో గీసిన పులిమేక పటం. చిన్నాడికి చదరంగం వచ్చు, ఫోన్లో రోజూ ఆడతాడు. అందుకని ఆ ఆటని తేలిగ్గా తీసుకున్నట్టున్నాడు. మొదటిసారి మేకలు తీసుకుని ఓడాడు. రెండోసారి పులులు తీసుకుని ఓడాడు. మూడోసారి మళ్లీ మేకలు తీసుకుని, ఏడుపు మొహంతో లేచాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఒకటే మాటంది. "ముందుకే సూస్తన్నావు బాబూ. ఎనక ఏటుందో సూడవా?"

మీలో చాలామందికి ఈ ఆట తెలిసే ఉంటుంది. పులిజూదం అనీ అంటారు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. కొండలాగా ఒక పెద్ద త్రికోణం గీస్తారు. పై కొమ్ము నుంచి అడుగుకి నాలుగు గీతలు. వాటికి అడ్డంగా మధ్యలో మూడు గీతలు, రెండు చివర్లూ కలిపేస్తారు. కొమ్ము 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 స్థానాలు. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. మొదటి పులి కొమ్ము మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు దించుకుంటూ పోతారు. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులులు మూడూ దిగాక తిరగొచ్చు. పక్కనున్న మేక మీంచి తిన్నగా దూకితే, అవతల చోటు ఖాళీగా ఉంటే, ఆ మేక పోయినట్టే. మేకలకి చంపడం లేదు. పులులు మూడింటినీ కదలకుండా కట్టెయ్యడమే వాటి గెలుపు. ఊరిని బట్టి చిన్నచిన్న తేడాలుంటాయి, మా ఇంట్లో ఆట ఇది.

ఇందులో పాచికలు లేవు. సభాపర్వంలో ధర్మరాజు జూదంలా అదృష్టం మీదో, ఎదుటివాడి మోసం మీదో నెట్టెయ్యడానికి వీల్లేదు. ఓడితే మన బుర్రదే తప్పు. అయినా దీన్ని పులి'జూదం' అనే పిలుచుకున్నాం, చూడండి. మన మాటల్లో ఆటలు ఎంతగా కలిసిపోయాయంటే 'పాచిక పారలేదు', 'పావులు కదుపుతున్నాడు', 'ఎత్తుకు పైఎత్తు' అని రాజకీయాల గురించి అనేటప్పుడు అవి ఆటమాటలన్న సంగతే గుర్తుండదు.

ఆ 'ఎత్తు' అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. ఎత్తు అంటే ఈ క్షణాన వేసే దెబ్బ. పక్కన మేక, అవతల ఖాళీ, దూకేశాం, అదీ ఎత్తు. వ్యూహం వేరు. పదో మేక ఎక్కడ దించాలో మూడో మేక దించేటప్పుడే తెలిసి ఉండడం వ్యూహం. పులి పక్షానికి ఎత్తులు చాలు, కనీసం సగం ఆట దాకా. మేకలకి మాత్రం మొదటి పిక్క నుంచీ వ్యూహం కావాలి.

ఎందుకో లెక్క వేసి చూడండి. 23 స్థానాల్లో 3 పులులు, 15 మేకలు పోతే మిగిలేది 5 ఖాళీలు. ఒక్క మేకా పోకుండా అన్నీ దించగలిగితే పులులకి ఊపిరాడడానికి ఉన్నది ఆ అయిదు చోట్లే. ఒక్కో మేక పోయినప్పుడల్లా ఇంకో ఖాళీ పుడుతుంది. కాబట్టి పులి వేటంతా మేకలు దిగుతున్న కాలంలోనే జరిగిపోవాలి. బల్ల నిండాక పులికి కష్టం. మేకలవాళ్లు చేసే పెద్ద తప్పు కూడా అప్పుడే. పులి మీద మీదకి వస్తోందని కంగారుపడి దాని మొహం ముందు ఇంకో మేకని దించేస్తారు. పెట్టాల్సింది ముందు కాదు, వెనక. మేక వెనక మేక ఉంటే పులి దూకలేదు. మొదట మూలలు పట్టుకోవాలి. అక్కడ గీతలు ఆగిపోతాయి కాబట్టి మూలనున్న మేక మీంచి దూకి దిగడానికి పులికి చోటుండదు.

ఇంకో లెక్క ఉంది, ఇది మా అత్తయ్య చెప్పింది. కొమ్ము మీదున్న పులిని కట్టాలంటే పక్కన నాలుగు మేకలు, వాటి వెనక నాలుగు, మొత్తం ఎనిమిది కావాలి. అదే పులి అడుగున మూలకి పోతే నాలుగు మేకలు చాలు. అందుకని పులిని తరమకూడదు, మూలకి పోయేలా దారి వదలాలి. ఆశకి ఒక మేకని కూడా వదలొచ్చు. మా అత్తయ్య ఒక మేకని పోగొట్టుకుందంటే నాకు భయం.

అత్తయ్యది నర్సీపట్నం దగ్గర పల్లె. చదువు అయిదో తరగతి దాకా. మేం అరకు నుంచి వచ్చాక చిన్నాడి ఓటమి సంగతి విని, ఆవిడే హాల్లో సుద్దముక్కతో పటం గీసి, చింతపిక్కలు తెచ్చి వాణ్ణి కూర్చోబెట్టింది. రోజూ సాయంత్రం ఒక ఆట. అప్పుడే వాడొక ప్రశ్న వేశాడు. "నానమ్మా, ఇది అల్లూరి సీతారామరాజు కథ కదా? ఇంగ్లీషువాళ్లు పులులు, మనవాళ్లు మేకలు. అందరూ కలిస్తే పులిని కట్టేస్తారు."

టీవీలో కృష్ణగారి సినిమా పాతికసార్లు చూసినవాడు మరి. నాక్కూడా అదే సరైన పోలిక అనిపించింది. అత్తయ్య మాత్రం పిక్కలు ఏరుకుంటూ, "కాదురా. ఆయనే పులి," అంది. "అందుకే పోయాడు."

ఆ మాట నాకు రెండు రోజులు మింగుడు పడలేదు. అప్పుడు మళ్లీ ఆ చరిత్ర తీసి తేదీలు వరసగా పెట్టుకుని చదివాను.

అల్లూరి సీతారామరాజు జిల్లా అని 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోనే ఇవాళ అరకూ ఉంది, చింతపల్లీ ఉంది. ఆ కొండల్లో కోపం రామరాజుతో పుట్టింది కాదు. 1879లో రంప కొండల్లో పితూరీ లేచింది, కల్లు గీసుకోవడం మీద పన్ను వేసినందుకు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం, కట్టె తెచ్చుకోవడం నేరమైపోయింది. ముఠాదారుల అధికారాలు తగ్గిపోయాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకి జనాన్ని తోలి కూలి సరిగా ఇవ్వలేదు. 1897లో పాండ్రంగిలో పుట్టిన రామరాజు కృష్ణదేవిపేట వచ్చి స్థిరపడేనాటికి ఈ కట్టెలన్నీ పేర్చి ఉన్నాయి. గ్రామ మునసబు పదవి పోగొట్టుకున్న గాము గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఆయనతో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, రెండు వేలకి పైగా తూటాలు. ఆట భాషలో చెప్పాలంటే బల్ల మీద మేకలు ఇంకా నాలుగయిదే దిగాయి, ఎక్కడ చూసినా ఖాళీలే. పులికి అంతకన్నా మంచి కాలం ఉండదు. అయినా అది తేలిగ్గా వచ్చిన గెలుపు అనను. ఏ స్టేషనులో ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఎవరు దూరమో చూసుకుని, ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు పోయేలోగా కొట్టడం మాటలు కాదు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది ఇంకా గట్టి ఎత్తు. పోలీసు దళం ఇరుకు దారిలో వరసగా నడిచి వస్తోంది. ముందు నడిచిన దేశీయ పోలీసుల్ని రామరాజు మనుషులు కదిలించకుండా పోనిచ్చారు. వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీద గురి పెట్టారు. ఇద్దరూ చనిపోయారు. దేశీయుల్ని చంపనని రామరాజు పెట్టుకున్న నియమం అది. ముందున్న మేకల్ని వదిలి, వెనక చోటు ఖాళీగా ఉన్న మేకనే ఎంచుకోవడం పులి ఆడేవాడికి వచ్చిన విద్యల్లో పెద్దది.

అక్కడి నుంచి చదువుతుంటే నాకు అత్తయ్య మాట వినబడడం మొదలైంది.

ఆ ఏడాది అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదకి వెళ్లారు. ముందే కబురంపి వెళ్లడం రామరాజు పద్ధతి. మిరపకాయ టపా అని మనం చిన్నప్పటి నుంచీ గొప్పగా చెప్పుకునేది అదే. కాని ఈసారి స్టేషన్లలో ఎత్తుకెళ్లడానికి ఆయుధాలు మిగల్చలేదు, ముందే తరలించేశారు. మేకలు నేర్చుకున్నాయన్నమాట. కబురు పంపి రావడం వీరుడి లక్షణం, కాదనను. కాని పులి గాండ్రించి వస్తే మేక వెనక ఇంకో మేక చేరుతుంది.

తరవాత మలబారు స్పెషల్ పోలీసుల్ని దించారు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర వాళ్లతో జరిగిన పోరులో రామరాజు చాలామందిని పోగొట్టుకున్నాడు. కొన్ని నెలలు కనిపించకుండా పోయి, 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో ప్రత్యక్షమైతే జనం దేవుడు వచ్చినట్టు చూశారు. పేరు పెరిగింది గాని ఖాళీలు తగ్గుతూనే ఉన్నాయి. సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ని ప్రత్యేక కమిషనర్‌గా పంపారు. ఒక్కొక్క పిక్కా దిగుతోంది. ఇందులో ప్రభుత్వం వేసిన గొప్ప ఎత్తంటూ ఒక్కటీ లేదు. చావులు చచ్చారు, ఓడారు, నలభై లక్షల దాకా తగలేశారంటారు. అయినా కొత్త దళాన్ని తెచ్చి ఇంకో చోటు నింపడం మాత్రం మానలేదు. మద్రాసు పెట్టెలో పిక్కలకి కొదవ లేదు. రామరాజుకి ఉన్నవి మూడు పులులే, పోతే నాలుగోది లేదు.

1924 మే 7న మంప దగ్గర కొలను ఒడ్డున పట్టుకున్నారు. కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. 27 ఏళ్లు కూడా నిండలేదు. పులిమేకలో కట్టేసిన పులిని ఎవరూ చంపరు. ఆట అయిపోయినట్టు లెక్క, పిక్కలు ఏరుకుని లేస్తారు. నెల తిరగ్గానే గంటందొరనీ చంపేశారు.

ఇదంతా చిన్నాడికి కథలా చెప్పాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి ఆయన మేకల్లా ఆడాల్సిందా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. కొన్ని వందల మందితో మొదలెట్టినవాడికి మేకలాట ఎలా కుదురుతుంది? మేకలాటకి కావాల్సింది సంఖ్య. మైదానం కదిలితే ఆ సంఖ్య వచ్చేది. కాని ఆ 1922 ఫిబ్రవరిలోనే చౌరీచౌరా తరవాత గాంధీగారు సహాయ నిరాకరణ ఆపేశారు. కొండ మీద ఆట మొదలయ్యేసరికి కింద బల్ల మడిచేశారు. చేతిలో ఉన్నవి పులులు, పులులతోనే ఆడాడు. రెండేళ్లు నిలిచాడు. నా అభిప్రాయం ఇది. అత్తయ్య మాత్రం ఒప్పుకోదు. కబురంపకుండా వెళ్లి ఉంటే ఇంకో రెండేళ్లు నిలిచేవాడని ఆవిడ వాదన. నర్సీపట్నం వాళ్లు రామరాజు విషయంలో ఇంట్లో మనిషి తప్పు చెప్పినట్టే చెప్తారు, అందులో కోపం కన్నా బెంగ ఎక్కువ.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ పటంలో పులులూ మేకలూ కాకుండా 23 చుక్కలున్నాయి. పులి వచ్చి నిలబడినా, మేక వచ్చి నిలబడినా నిలబడేది ఆ చుక్కల మీదే. ఆ రెండేళ్లూ ఆ కొండల్లో ఊళ్లు అలాగే ఉన్నాయి. రాత్రి వాళ్లు వచ్చి బియ్యం అడిగితే ఉండాలి, పగలు వీళ్లు వచ్చి ఎవరికి పెట్టావని అడిగితే జవాబుండాలి. పొయ్యి దగ్గరున్న మనిషికే రెండు ప్రశ్నలూ. రాగుల గాదెలో ఎంత ఉంది, ఎవరికి ఎంత పెట్టాలి, ఎంత దాచాలి, పోలీసు గడపలోకొచ్చి కుండలు చూస్తే ఏం చెప్పాలి, ఇవన్నీ ఒకేసారి ముందు మూడు అడుగులు చూసి తేల్చుకోవాల్సిన లెక్కలు. దాన్ని వ్యూహం అని ఎవరూ అనలేదు. మనం నెలాఖరున చేసేది కూడా అనరు కదా, అయినా ఆ కొండల ఆడవాళ్ల లెక్కతో దాన్ని పోల్చడం అన్యాయం, ఊరుకుంటాను.

ఆడవాళ్లకి ఆడే తీరిక, బుర్ర లేవనుకునేవాళ్లకి మన వామనగుంటలు చూపించాలి. పద్నాలుగు గుంటలు, గుప్పెడు పిక్కలు. ఏ గుంటలోంచి తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుందో చూపుతోనే లెక్కగట్టే అమ్మమ్మలు ఉండేవారు, పైగా నోటితో ఊసులాడుతూనే. మా అమ్మమ్మ పెట్టె ఇప్పుడు మా అన్నయ్యగారింట్లో షోకేసులో ఉంది. ఆడితే అరిగిపోతుందట.

పులిమేక మన ఒక్కరిదే కాదు. తమిళంలో ఆడు పులి ఆట్టం, నేపాల్లో బాగ్‌చాల్. హంపి వెళితే మండపాల నేలరాళ్ల మీద చెక్కిన ఆటగీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాపలావాళ్లో, యాత్రికులో, రాళ్లు కొట్టేవాళ్లో, రాజుల చదరంగం కాని ఆటలు ఆడినవాళ్లు వాళ్లు. నేపాలువాళ్ల ఆటలో 4 పులులు, 20 మేకలు, 25 స్థానాలు. దాన్ని కంప్యూటర్‌కిచ్చి అన్ని దారులూ లెక్క వేయిస్తే, ఇద్దరూ ఒక్క తప్పూ చెయ్యకుండా ఆడితే ఎవరూ గెలవరని తేలిందట. ఈ సంగతి చెబితే అత్తయ్య, "తప్పు చెయ్యకుండా ఎవడాడతాడే?" అంది. చదరంగం మీద నాకు కోపమేం లేదు. గుడివాడ పిల్ల కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టరైంది. పెళ్లయి, పాపని కని, 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ర్యాపిడ్‌లో ప్రపంచాన్ని గెలిచింది. కాని చదరంగంలో ఇద్దరి బలగం ఒక్కటే. పులిమేకలో ఇద్దరి బలం వేరు, గెలుపూ వేరు. ఎదుటివాడికి ఏది గెలుపో అది నాకు గెలుపు కాదు. పిల్లలకి ముందు ఇది నేర్పితే మంచిదని నాకనిపిస్తుంది. ఒకరోజు పులి, ఒకరోజు మేక, మార్చి మార్చి.

మల్లుదొర సంగతి మిగిలిపోయింది. పట్టుబడ్డాక అండమాన్ జైలుకి పంపారు. ఆట ప్రకారం పోయిన పిక్క మళ్లీ బల్ల మీదకి రాదు. ఆయన తిరిగొచ్చాడు. 1952లో స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి ఢిల్లీ వెళ్లాడు. ఇది చెప్పినప్పుడు చిన్నాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి నానమ్మ ఎదురుగా కూర్చుని, "ఇవాళ నాకు మేకలే కావాలి," అన్నాడు.

నిన్న పదకొండో మేక దాకా ఒక్కటీ పోలేదు. పన్నెండోది దించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని వాడి చేతి వంకే చూస్తోంది. కుక్కరు మూడో విజిలు వేసింది, నేను వంటింట్లోకి వచ్చేశాను.